ఫర్మ్‌వేర్ అందరిదీ, యూఎస్‌బీ మాత్రం కంపెనీదా?

అట్మెల్ కంపెనీ తన మైక్రోకంట్రోలర్లతో పాటు ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో, ఫైళ్ల మొదట్లోనే నాలుగు షరతుల లైసెన్సు ఒకటి ఉండేది. మొదటి మూడూ ఎక్కడైనా కనిపించేవే. కాపీరైట్ నోటీసు తీసేయొద్దు, ప్రోగ్రామ్‌ను పంచేటప్పుడు ఆ నోటీసును జతచేయాలి, అనుమతి లేకుండా కంపెనీ పేరును ప్రచారానికి వాడొద్దు. నాలుగో షరతు మాత్రం వేరే రకం. ఈ కోడ్‌ను అట్మెల్ చిప్‌లతోనే వాడాలి, వాటి కోసమే పంచాలి అంటుందది. చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. ఇంకో కంపెనీ చిప్ మీద నడపడానికి మాత్రం వీల్లేదు. ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్ వాళ్ల ఎస్‌ఎల్‌ఏ0044 లైసెన్సు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆ కోడ్‌ను ఎస్‌టీ చిప్‌ల మీదే నడపాలనడంతో ఆగలేదు, దానికి ఓపెన్ సోర్స్ నిబంధనలు వర్తించే విధంగా వాడకూడదని, పంచకూడదని కూడా రాసింది.

ఈ షరతులు అన్నిటికంటే ఎక్కువగా బిగుసుకునేది యూఎస్‌బీ దగ్గర. లైటు వెలిగించే కోడో, ఉష్ణోగ్రత చదివే కోడో ఎవరైనా కాసేపు కూర్చుని సొంతంగా రాసుకుంటారు. యూఎస్‌బీ అలా లొంగదు. అందుకే పరికరాల ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు మిగతాదంతా తామే రాసుకున్నా, యూఎస్‌బీ లైబ్రరీని మాత్రం చిప్ కంపెనీ ఇచ్చిన ప్యాకేజీలోంచి తెచ్చి కలిపేస్తారు. ప్రాజెక్టు పేజీలో ఓపెన్ సోర్స్ అని పెద్దక్షరాలతో ఉంటుంది. లోపల ఒక ఫోల్డర్‌కు మాత్రం ఆ మాట వర్తించదు. ఇల్లు కట్టుకున్నాక నీళ్లకు పక్కింటి బావే గతి అయినట్టు.

అలాంటి లైబ్రరీని తీసేసి, ఏ చిప్ మీదైనా నడిచే స్వేచ్ఛా లైబ్రరీని పెట్టుకోవాల్సిందే. పాతది బాగానే పనిచేస్తున్నా, కొత్తది కొన్ని నెలలు ఇబ్బంది పెట్టినా సరే. ఈ అభిప్రాయానికి కారణాలు ఆదర్శాల్లో కంటే గడిచిన ఏళ్ల అనుభవాల్లోనే ఎక్కువ దొరుకుతాయి.

ముందు యూఎస్‌బీ ఎందుకంత కష్టమో చూడాలి. 1996లో తొలి ప్రమాణం వెలువడింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ ఇంజనీర్లలో ప్రముఖుడు వడోదరలో చదువుకున్న అజయ్ భట్. వాడేవాళ్లకు సులువుగా ఉండాలన్నది అప్పటి ఉద్దేశం. అది నెరవేరింది కూడా. ఆ సులువు తాలూకు బరువంతా సాఫ్ట్‌వేర్ మీద పడింది. కేబుల్ పెట్టగానే కంప్యూటర్ పరికరాన్ని రీసెట్ చేసి, ఎవరు నువ్వని అడుగుతుంది. పరికరం 18 బైట్లలో తన వివరం చెప్పాలి: తయారీదారు నంబరు, ఉత్పత్తి నంబరు, వెర్షన్ వగైరా. ఆ తర్వాత కంప్యూటర్ 1 నుంచి 127 లోపు ఒక చిరునామా కేటాయిస్తుంది. 50 మిల్లీసెకన్లలోపు పరికరం ఆ చిరునామాకు మారిపోవాలి. ఆపైన తను కీబోర్డా, డ్రైవా, సీరియల్ పోర్టా, ఇవన్నీ కలిపిన పరికరమా అన్నది వరసగా విప్పి చెప్పాలి. ఎప్పుడు మాట్లాడాలో నిర్ణయించేది ఎల్లవేళలా కంప్యూటరే. జవాబు ఆలస్యమైతే, ఒక్క బైటు అటూ ఇటూ అయితే, పరికరాన్ని గుర్తించలేకపోయామన్న సందేశం తెర మీద కనిపిస్తుంది. ఎందుకు గుర్తించలేదో చెప్పేవాడుండడు.

సర్క్యూట్‌పైథాన్ కథ ఇక్కడ చెప్పుకోదగింది. లిమోర్ ఫ్రైడ్ స్థాపించిన, న్యూయార్క్‌కు చెందిన ఏడాఫ్రూట్ సంస్థ, డేమియన్ జార్జ్ సృష్టించిన మైక్రోపైథాన్‌ను ఆధారంగా చేసుకుని 2017లో దీన్ని మొదలుపెట్టింది. పిల్లలూ, ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లూ చిన్న బోర్డులను పైథాన్ భాషలో నడిపించడం దీని లక్ష్యం. బోర్డును కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా ఒక డ్రైవ్ తెరుచుకుంటుంది. అందులోని ఫైలును నోట్‌ప్యాడ్‌లో దిద్ది సేవ్ చేస్తే చాలు, బోర్డు కొత్త ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించనక్కర్లేదు. కొత్తవి ఎక్కించడానికి అనుమతి లేని బడి కంప్యూటర్లలో ఇది ఎంత పెద్ద సౌకర్యమో టీచర్లకు తెలుస్తుంది. ఈ సౌకర్యమంతా యూఎస్‌బీ మీదే నిలబడింది. ఒకే కేబుల్ మీద అదే బోర్డు డ్రైవ్‌గా, సీరియల్ పోర్టుగా, కీబోర్డుగా, మౌస్‌గా ఏకకాలంలో కనిపించాలి.

మొదట్లో ఆ బోర్డులు ఎక్కువగా అట్మెల్ రూపొందించిన శామ్‌డీ కుటుంబం చిప్‌లవి. యూఎస్‌బీ కోడ్ కూడా అక్కడిదే. చిక్కు ఎప్పుడొచ్చిందంటే, నార్వేకు చెందిన నార్డిక్ కంపెనీ చేసిన ఎన్‌ఆర్‌ఎఫ్52840 చిప్ మీద కూడా సర్క్యూట్‌పైథాన్ నడవాలనుకున్నప్పుడు. అట్మెల్ లైబ్రరీ అక్కడికి రాదు. సాంకేతికంగానూ రాదు, షరతుల ప్రకారమూ రాకూడదు. నార్డిక్ వాళ్ల లైబ్రరీ తెచ్చుకుంటే డ్రైవ్, సీరియల్, కీబోర్డు కోడ్ మొత్తం రెండోసారి రాయాలి. రేపు మూడో కంపెనీ చిప్ వస్తే మూడోసారి రాయాలి. ఆ దారిలో వెళ్లకుండా, వియత్నాం ఇంజనీర్ హా థాచ్ దాదాపు ఏ ఆంక్షలూ లేని ఎంఐటీ లైసెన్సుతో రాసిన టైనీయూఎస్‌బీని తీసుకుని, పాత చిప్‌లకూ కొత్త చిప్‌లకూ ఒకే లైబ్రరీ అమర్చారు. 2019లో వచ్చిన 4.0 వెర్షన్‌లో ఈ మార్పు పూర్తయింది. సంగీత వాయిద్యాలు వాడే మిడీ సౌకర్యం కూడా ఆ వెర్షన్‌తోనే చేరింది. ఆ తర్వాత ఎస్‌ప్రెస్సిఫ్, ఎన్‌ఎక్స్‌పీ, రాస్‌బెరీ పై చిప్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరుతుంటే, యూఎస్‌బీ పై అంతస్తును కదిలించాల్సిన అవసరమే పడలేదు. కింద ఆ చిప్‌కు చెందిన హార్డ్‌వేర్‌ను తాకే ఫంక్షన్లు, డజను అటూ ఇటూ, రాసుకుంటే సరిపోయింది.

చిప్ కంపెనీలు ఇక్కడ ఒక వాదన వినిపిస్తాయి. మా హార్డ్‌వేర్ మాకే బాగా తెలుసు, మా లైబ్రరీ మా చిప్‌కే పనికొస్తుంది, కాబట్టి షరతు వల్ల ఎవరికీ నష్టం లేదు అంటాయి. ఈ వాదన నిలవదు. చాలా కంపెనీలు యూఎస్‌బీ హార్డ్‌వేర్‌ను సొంతంగా డిజైన్ చేసుకోవు, కొనుక్కుంటాయి. సినాప్సిస్ సంస్థ అమ్మే డీడబ్ల్యూసీ2 అనే డిజైన్ ఒకటుంది. ఎస్‌టీ వాళ్ల ఎస్‌టీఎం32ఎఫ్4లో ఉన్నది అదే, చైనా కంపెనీ ఎస్‌ప్రెస్సిఫ్ వాళ్ల ఈఎస్‌పీ32-ఎస్2, ఎస్3లలో ఉన్నదీ అదే, తొలి తరం రాస్‌బెరీ పై కంప్యూటర్ల బ్రాడ్‌కామ్ చిప్‌లో ఉన్నదీ అదే. రిజిస్టర్ల పేర్లతో సహా కలుస్తాయి. టైనీయూఎస్‌బీ ఒక్క డ్రైవర్‌తో వీటిలో చాలావాటిని నడిపిస్తోంది. లోపలి ఇనుము ఒకటే అయినప్పుడు, దాన్ని నడిపే కోడ్ మా చిప్ దాటి వెళ్లకూడదనడానికి ఇంజనీరింగ్ కారణం లేదు. కొనుగోలుదారు గడప దాటకుండా చూసుకునే వ్యాపార కారణమే ఉంది. అలాంటి కారణం ఉండటం నేరమేమీ కాదు. కాకపోతే, ప్రజల కోసం రాసిన ఫర్మ్‌వేర్ దాని బరువు మోయాల్సిన పని లేదు.

బస్ పైరేట్ అనే చిన్న పరికరం ఈ ఇబ్బందిని ఇంకా ముందే చూసింది. తెలియని చిప్‌తో కంప్యూటర్ నుంచి నేరుగా మాట్లాడటానికి ఎలక్ట్రానిక్స్ ఔత్సాహికులు వాడే సాధనమిది. ఇయాన్ లెస్నెట్ 2008లో మొదలుపెట్టాడు. ఫర్మ్‌వేర్‌ను ఏ హక్కులూ ఉంచుకోకుండా పబ్లిక్ డొమైన్‌లో వదిలేశారు. మూడో వెర్షన్ దాకా యూఎస్‌బీ పనిని ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఒకటి విడిగా చేసేది. నాలుగో వెర్షన్‌లో యూఎస్‌బీ ఉన్న మైక్రోచిప్ కంపెనీ పిక్24 చిప్ వాడటంతో, ఆ కంపెనీ లైబ్రరీ, దాని షరతులు కూడా వచ్చి పడ్డాయి. అందరికీ వదిలేసిన కోడ్ నడుమ, ఒక్క కంపెనీ చిప్‌కే కట్టుబడిన కోడ్. చివరికి స్వచ్ఛంద ప్రోగ్రామర్లే పిక్ చిప్‌ల కోసం స్వేచ్ఛా యూఎస్‌బీ లైబ్రరీ రాసుకుని పెట్టుకున్నారు. జీపీఎల్ లైసెన్సు వాడే ప్రాజెక్టులకైతే ఇది ఇబ్బందితో పోయేది కాదు. తాను ఇచ్చిన స్వేచ్ఛ మీద అదనపు ఆంక్షలు పెట్టకూడదని జీపీఎల్ అంటుంది. మా చిప్ మీదే నడపాలన్నది అచ్చంగా అలాంటి ఆంక్షే. రెండిటినీ కలిపి పంచితే ఏదో ఒక లైసెన్సును ఉల్లంఘించినట్టే.

2021, 2022 సంవత్సరాల్లో చిప్‌ల కరువు వచ్చింది. ఎస్‌టీఎం32 చిప్‌లు దొరకడమే గగనమైంది, దొరికినవాటి ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి. అదే 2021 జనవరిలో రాస్‌బెరీ పై సంస్థ 4 డాలర్ల పికో బోర్డును, దాని ఆర్‌పీ2040 చిప్‌ను తెచ్చింది. అందులో యూఎస్‌బీకి సొంత లైబ్రరీ రాసుకోకుండా టైనీయూఎస్‌బీనే తీసుకుంది. ఆ రోజుల్లో తేలిగ్గా చిప్ మారగలిగినవాళ్లెవరో గమనిస్తే విషయం బోధపడుతుంది. త్రీడీ ప్రింటర్లను నడిపే క్లిప్పర్ ఫర్మ్‌వేర్‌కు ఏ కంపెనీకీ చెందని తన సొంత చిన్న యూఎస్‌బీ కోడ్ ఉంది. దాంతో ఆర్‌పీ2040 మీదకు త్వరగా వెళ్లగలిగింది. ప్రింటర్ బోర్డుల కంపెనీలు ఆ చిప్‌తో బోర్డులు అమ్మాయి. ఎస్‌టీ లైబ్రరీకి అతుక్కుపోయిన ఫర్మ్‌వేర్ ఉన్న చిన్న తయారీదారుకు ఎదురుచూడటమో, యూఎస్‌బీ భాగం మొత్తం తిరగరాయడమో తప్ప వేరే దారి లేకపోయింది. ఏడాది పాటు సరుకు పంపలేకపోవడం అంటే చిన్న సంస్థకు మూతపడటమే.

అయితే ఈ మార్పిడి ఎంత కష్టమో దాచకూడదు. యూఎస్‌బీ లైబ్రరీ మార్చినవాళ్లు మొదటి వారంలో సంబరపడతారు, రెండో నెలలో తల పట్టుకుంటారు. ఉదాహరణకు ఫుల్ స్పీడ్ యూఎస్‌బీలో బల్క్ ప్యాకెట్టు గరిష్ఠంగా 64 బైట్లు. అంతకంటే చిన్న ప్యాకెట్టు వస్తే సందేశం ముగిసిందని కంప్యూటర్ అర్థం చేసుకుంటుంది. సందేశం కచ్చితంగా 64 బైట్లో, 128 బైట్లో అయితే? ముగిసిందని చెప్పడానికి ఏమీ లేని ఖాళీ ప్యాకెట్టు ఒకటి పంపాలి. పాత లైబ్రరీ దాన్ని తానే పంపేది, కొత్తది ఫర్మ్‌వేర్ పంపాలని ఆశిస్తుంది. అంతా బాగానే ఉంటుంది, సరిగ్గా 64 బైట్ల సందేశం పంపినరోజు మాత్రం పరికరం బిగుసుకుపోతుంది. 63కు ఆగదు, 65కు ఆగదు. ఇలాంటి తప్పు పట్టుకోవడానికి రోజులు పడతాయి.

వాడేవాళ్ల వైపు నుంచీ ఇబ్బందులుంటాయి. విండోస్ ఒక్కో పరికరాన్ని తయారీదారు నంబరు, ఉత్పత్తి నంబరు, సీరియల్ నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. కొత్త లైబ్రరీ సీరియల్ నంబరును వేరే పద్ధతిలో చూపిస్తే, నిన్నటిదాకా కామ్3గా ఉన్న పోర్టు ఈరోజు కామ్7 అవుతుంది. దాన్ని నమ్ముకుని రాసిన స్క్రిప్టులన్నీ ఆగిపోతాయి. విడి సీరియల్ చిప్ నుంచి చిప్‌లోని యూఎస్‌బీకి మారితే లైనక్స్‌లో ఫైలు పేరే మారిపోతుంది. కోడ్ రాసినవాడికి ఇవి చిన్నవి. ప్రయోగశాలలో ఏళ్లుగా అదే స్క్రిప్టుతో కొలతలు తీసుకునే వ్యక్తికి కావు. అందుకే పాత నంబర్లనూ, వివరాలనూ యథాతథంగా నిలబెట్టడం, ఒకటి రెండు వెర్షన్ల పాటు పాత లైబ్రరీని కూడా ఎంచుకునే వీలు ఉంచడం మర్యాద. లైనక్స్ ఫౌండేషన్ నీడలో సాగే జెఫిర్ ఆపరేటింగ్ సిస్టమ్ తన పాత యూఎస్‌బీ భాగాన్ని ఒక్కసారిగా పీకేయలేదు. కొత్తదానికి నెక్స్ట్ అని పేరు పెట్టి ఏళ్ల తరబడి రెండింటినీ పక్కపక్కనే నడిపింది. బరువైన పద్ధతే, అయినా సరైన పద్ధతి.

భద్రత విషయానికొస్తే, పరికరంలో బయటివాడికి ఎదురుగా నిలబడే తలుపు యూఎస్‌బీ కోడే. 2018లో కేట్ టెంకిన్ బయటపెట్టిన లోపం దానికి నిదర్శనం. నింటెండో స్విచ్‌లో ఉన్న ఎన్‌విడియా టెగ్రా చిప్, తనలో శాశ్వతంగా ముద్రించిన బూట్ రోమ్‌లోని యూఎస్‌బీ కోడ్‌లో కంప్యూటర్ చెప్పిన పొడవును సరిచూడకుండా నమ్మేసింది. బూట్ రోమ్‌ను దిద్దడం కుదరదు కాబట్టి, అప్పటికే అమ్ముడైన కోటానుకోట్ల రూపాయల సరుకుకు చికిత్స లేకపోయింది. మరుసటి ఏడాది కాలిన్ ఓఫ్లిన్ అనే పరిశోధకుడు ట్రెజర్ అనే క్రిప్టో వాలెట్ మీద ఇంకో దారి చూపించాడు. కంప్యూటర్ అడిగిన పొడవు, ఉన్న సమాచారం పొడవు, ఈ రెండిటిలో చిన్నది ఎంచుకునే ఒక్క పోలిక జరిగే క్షణంలో విద్యుదయస్కాంత దెబ్బ కొడితే, పరికరం అడిగినంతా పంపేస్తుంది. మెమరీలో పక్కనున్న రహస్య తాళంతో సహా. ట్రెజర్ కోడ్ బహిరంగం. స్వేచ్ఛా కోడ్ అయినంత మాత్రాన లోపాలుండవని కాదు అనడానికి ఇదే రుజువు. కానీ పరిశోధకుడు ఆ కోడ్ చదివి లోపం ఎక్కడుందో వేలుపెట్టి చూపగలిగాడు, తయారీదారు ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో దిద్దగలిగాడు. అందరూ వాడే ఒకే లైబ్రరీలో ఒకచోట దిద్దితే డజన్ల కొద్దీ పరికరాలు బాగుపడతాయి. ఒక్కో కంపెనీ తన లైబ్రరీ తనే కట్టుకుని కూర్చుంటే, అదే తప్పును అన్నిచోట్లా విడివిడిగా వెతకాలి.

లైబ్రరీతో పాటు మరో బంధం కూడా తెంచుకోవాల్సి ఉంటుంది. ప్రతి యూఎస్‌బీ పరికరానికి తయారీదారు నంబరు కావాలి. యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరమ్ దగ్గర కొనాలంటే ఐదారు వేల డాలర్లు. మైక్రోచిప్ లాంటి కంపెనీలు తమ నంబరు కింద ఉత్పత్తి నంబర్లు ఉచితంగా ఇస్తాయి, వాళ్ల చిప్ వాడినంతకాలం. చిప్ మారితే ఆ నంబరూ వదులుకోవాలి. ఈ కష్టం తెలిసినవాళ్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసం 1209 అనే నంబరు కింద ఉచితంగా ఉత్పత్తి నంబర్లు పంచుతున్నారు. ఓపెన్‌మోకో ఫోన్ ప్రాజెక్టు తన 1డీ50 నంబరును కూడా అలాగే పంచింది. మార్పిడి మొదలుపెట్టేవాళ్లు ఈ పని మొదటిరోజే చేసుకోవడం మంచిది.

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇదంతా దూరపు విషయం కాదు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఎస్‌టీఎం32 బోర్డు కొని ఫైనలియర్ ప్రాజెక్టు చేసే విద్యార్థి, ఎస్‌టీ వాళ్ల క్యూబ్‌ఎంఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో యూఎస్‌బీ అన్నచోట టిక్ పెడతాడు. మిడిల్‌వేర్స్ అనే ఫోల్డర్‌లో లైబ్రరీ దానంతటదే వచ్చి చేరుతుంది. ప్రాజెక్టును గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు పైన ఎంఐటీ లైసెన్సు తగిలిస్తాడు. ఆ ఫోల్డర్‌కు తన లైసెన్సు వర్తించదని అతనికి ఎవరూ చెప్పరు. సిలబస్‌లో యూఎస్‌బీ ఉంటుంది, లైసెన్సు ఉండదు. ఆ విద్యార్థే రేపు రాయదుర్గంలోని టీ-వర్క్స్‌లో నమూనా తయారుచేసి అమ్మకానికి దిగినప్పుడు, చిప్ దొరక్క ఇంకోదానికి మారాల్సి వచ్చినప్పుడు, ఆ టిక్ ఖరీదు తెలుస్తుంది. ఎంబెడెడ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఒక్క ప్రయోగం చేర్చితే చాలు: కంపెనీ లైబ్రరీతో నడిచే సీరియల్ పరికరాన్ని స్వేచ్ఛా లైబ్రరీ మీదకు మార్చి, 64 బైట్ల సందేశం పంపి చూడమనాలి. సెమిస్టర్ పాఠం కంటే ఎక్కువ నేర్చుకుంటారు.

కంపెనీలు మారవని అనుకోనక్కర్లేదు. మైక్రోచిప్ తన పిక్ యూఎస్‌బీ లైబ్రరీని తర్వాతి కాలంలో అపాచీ 2.0 లైసెన్సు కిందకు తెచ్చింది. 2016లో అట్మెల్‌ను కొన్నదీ, 2023లో హైదరాబాద్‌లో కొత్త పరిశోధన కేంద్రం తెరిచిందీ ఆ కంపెనీయే. మైక్రోసాఫ్ట్ చేతిలో ఉండి, పేర్కొన్న చిప్‌ల మీద మాత్రమే ఉచితంగా వాడుకోనిచ్చిన థ్రెడ్‌ఎక్స్, దానితో పాటే యూఎస్‌బీఎక్స్ లైబ్రరీ, ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు బదిలీ అయి ఎంఐటీ లైసెన్సు కిందకు వచ్చాయి.

స్వేచ్ఛా లైబ్రరీల వైపు కూడా ఒక బాధ్యత మిగిలి ఉంది. రాస్‌బెరీ పై, ఎస్‌ప్రెస్సిఫ్, ఏడాఫ్రూట్ వంటి సంస్థల బోర్డులెన్నో ఆధారపడిన టైనీయూఎస్‌బీ భారం ఇప్పటికీ ప్రధానంగా హా థాచ్ భుజాల మీదే ఉంది. ఏడాఫ్రూట్ ఆయన పనికి అండగా నిలిచింది. ఆ కోడ్‌తో చిప్‌లు అమ్ముకునే ప్రతి కంపెనీ అదే పని చేయాలి, డబ్బుతోనో, పరీక్షకు బోర్డులిచ్చో, సొంత ఇంజనీర్ల సమయంతోనో. తన దగ్గర దిద్దుకున్న తప్పును మూలానికి తిరిగి పంపాలి. ఇక ఎస్‌టీ విషయం. చిప్‌లోని మిగతా భాగాలను నడిపే కోడ్‌కు ఆ కంపెనీ ఎప్పుడో బీఎస్‌డీ లైసెన్సు ఇచ్చింది. అదే ప్యాకేజీలో పక్క ఫోల్డర్‌లో ఉన్న పాత యూఎస్‌బీ డివైస్ లైబ్రరీకి కూడా ఆ బీఎస్‌డీ లైసెన్సే పెట్టి పంపడానికి కొత్తగా ఒక్క వరస కోడ్ రాయనక్కర్లేదు.